మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్: డబ్బు ఎంత, కాగితాలు ఎన్ని, ఎక్కడ ఆగిపోతుంది

అమ్మాయికి నెలకు 3,000 రూపాయలు, అబ్బాయికి 2,500. ఏడాదిది మొత్తం ఒకేసారి వేస్తారు కాబట్టి చేతికందేది 36,000 లేదా 30,000. బీటెక్ నాలుగేళ్లూ ఎక్కడా తెగకుండా వస్తే అమ్మాయికి 1,44,000, అబ్బాయికి 1,20,000. కర్నూలు, అనంతపురం, కడప వైపు మిలిటరీ పెన్షన్ మీద నడిచే ఇళ్లలో ఇది లెక్కలోకి వచ్చే డబ్బే. కాకపోతే కాలేజీలో చేరేరోజు ఫీజు కట్టడానికి దీన్ని నమ్ముకోకూడదు. చేరాకే దరఖాస్తు, ఆ తర్వాత జిల్లా, రాష్ట్రం, ఢిల్లీ అని మూడు మెట్ల పరిశీలన, ఆపైన మెరిట్ జాబితా. ఇవన్నీ అయ్యేసరికి మొదటి ఏడాది చాలావరకు గడిచిపోతుంది. చేరేనాటి ఫీజుకు వేరే దారి చూసుకుని, ఈ డబ్బును రెండో ఏడాది ఖర్చుకు అట్టిపెట్టుకునేలా లెక్క వేసుకుంటే ఇబ్బంది ఉండదు.

పథకానికి ఐదులో నాలుగు మార్కులు వేయొచ్చు. దాన్ని అందుకునే దారికి మాత్రం రెండున్నర దాటవు. మార్కులు చాలక పోగొట్టుకునేవాళ్ల సంగతి వేరు, అది పోటీ. తండ్రి పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉండి పోగొట్టుకోవడం అన్యాయం. మన జిల్లాల్లో ఇంటిపేర్ల పొడవు చూస్తే ఆ అన్యాయం ఇక్కడి పిల్లలకే ఎక్కువ జరిగే వీలుంది.

దీన్ని నడిపేది రక్షణ మంత్రిత్వ శాఖ కింద ఉన్న కేంద్రీయ సైనిక్ బోర్డు. డబ్బు జాతీయ రక్షణ నిధి నుంచి వస్తుంది. 2006-07 విద్యాసంవత్సరంలో మొదలైంది. ఇప్పటి రేట్లు 2019 మే 31న పెంచినవి, అంతకుముందు అమ్మాయిలకు 2,250, అబ్బాయిలకు 2,000 ఉండేది. ఏటా దేశం మొత్తానికి 5,500 కొత్త స్కాలర్‌షిప్‌లు, అందులో సగం అమ్మాయిలకు, సగం అబ్బాయిలకు. కుటుంబ ఆదాయం ఇంతకు మించకూడదన్న షరతు లేదు. ఈ పథకంలో అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది అదే. హవల్దారుగా, సుబేదారుగా రిటైరైన ఆయన పెన్షన్ చూసి రాష్ట్ర ప్రభుత్వ ఫీజు పథకాలు చాలాసార్లు ఆ ఇంటిని పక్కన పెట్టేస్తాయి. ఇక్కడ పెన్షన్ అడ్డు కాదు.

అడ్డయ్యేవి వేరే ఉన్నాయి. మన ఊళ్లలో ఖాకీ వేసుకుని ఉత్తరాదికి పోయిన ప్రతివాడినీ ‘మిలిటరీ ఆయన’ అనే అంటారు. ఈ బోర్డు లెక్కలో మిలిటరీ అంటే ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, వీటితోపాటు కోస్ట్‌గార్డు, అంతే. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్, ఐటీబీపీ, ఎస్‌ఎస్‌బీ, అస్సాం రైఫిల్స్ వాళ్ల పిల్లలు ఇక్కడ దరఖాస్తు పెడితే తిరస్కరిస్తారు. వాళ్లకు ఇదే పేరుతో, ఇవే రేట్లతో హోం మంత్రిత్వ శాఖ కింద వేరే పథకం ఉంది. దాని దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి, బోర్డు దరఖాస్తులు చూసే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి దానితో పనిలేదు. ఉగ్రవాద, నక్సల్ దాడుల్లో చనిపోయిన రాష్ట్ర పోలీసుల పిల్లలకు కూడా 2019లోనే ఏడాదికి 500 చొప్పున విడిగా చేర్చారు.

మనవడికి, మనవరాలికి ఇది వర్తించదు. తాత 1971 యుద్ధంలో ఉన్నా, ఇంట్లో మెడల్ ఉన్నా అంతే. కొడుకు, కూతురు, ఆయన చనిపోయి ఉంటే చదువుకుంటున్న భార్య, వీళ్లే అర్హులు. పిల్లలు తండ్రి మీద ఆధారపడి ఉండాలి. తండ్రి ఇంకా సర్వీసులోనే ఉంటే అప్పటికి ఇది ఆయన కోసం కాదు, మాజీ సైనికుడు అయ్యాకే.

కోర్సుల దగ్గర కూడా పొరపాటు పడేవాళ్లున్నారు. ఇది మొదటి వృత్తి విద్యా డిగ్రీకి ఇచ్చేది: బీటెక్, ఎంబీబీఎస్, బీడీఎస్, బీఫార్మసీ, బీఎడ్, బీబీఏ, బీసీఏ లాంటివి. పీజీలో ఎంబీఏ, ఎంసీఏలకు చోటుంది. ఎంటెక్, ఎంఎస్సీలకు లేదు. మామూలు బీఏ, బీకాం, బీఎస్సీ ఇందులోకి రావు, వాటి సంగతి కిందికి వెళ్లాక చూద్దాం. దూరవిద్య, విదేశాల్లో చదువు కుదరవు. కాలేజీకి, కోర్సుకు ఏఐసీటీఈ, యూజీసీ లాంటి సంబంధిత సంస్థ గుర్తింపు ఉండాలి.

అసలు గుర్తుపెట్టుకోవాల్సిన షరతు ఇంకొకటి. దరఖాస్తు మొదటి ఏడాదిలోనే పెట్టాలి. ఆ ఏడాది గడువు దాటితే ‘సరే, సెకండియర్‌లో పెడదాం’ అనడానికి లేదు. మొదటి ఏడాది తప్పితే నాలుగేళ్లూ పోయినట్టే. డిప్లొమా చేసి ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లకు, ఇంటిగ్రేటెడ్ కోర్సుల వాళ్లకు మాత్రమే మినహాయింపు. ఈసెట్ విద్యార్థికి రెండో ఏడాదే మొదటి ఏడాది, డిప్లొమా మార్కులే అర్హత మార్కులు. మూడేళ్లకు అమ్మాయికి 1,08,000, అబ్బాయికి 90,000 వస్తాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో పదో తరగతి తర్వాత చేరి ఆరేళ్లు చదివే పిల్లలు, పీయూసీ రెండేళ్లు ఇంటర్‌తో సమానం కాబట్టి, ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలోకి అడుగుపెట్టగానే కదలాలి. క్యాంపస్ మారలేదు, హాస్టల్ మారలేదు, కొత్తగా చేరినట్టు అనిపించదు. అందుకే అక్కడి పిల్లలకు ఈ గడువు గుర్తుకురాకుండా పోయే ప్రమాదం మిగతావాళ్లకన్నా ఎక్కువ.

మార్కుల విషయానికొస్తే ఇంటర్‌లో గానీ డిప్లొమాలో గానీ, బీఎడ్, ఎంబీఏ అయితే డిగ్రీలో గానీ 60 శాతం ఉండాలి. ఇంటర్ మొత్తం 1000 మార్కులకైతే 600. అది గుమ్మం మాత్రమే, గెలుపు కాదు. ఎంపిక ఆరు వరుసల్లో జరుగుతుంది. యుద్ధంలో వీరమరణం పొందినవారి కుటుంబాలు మొదటి వరుస. యుద్ధంలో వికలాంగులై సర్వీసు నుంచి వచ్చేసినవారి పిల్లలు రెండో వరుస. సర్వీసు కారణంగానే చనిపోయినవారు, సర్వీసు కారణంగా వైకల్యం వచ్చినవారు, శౌర్య పతకాలు పొందినవారు ఆ తర్వాతి మూడు వరుసలు. మిగిలిన మాజీ సైనికుల పిల్లలంతా ఆరో వరుసలోకి వస్తారు, అది కూడా ఆఫీసర్ల పిల్లలు కాకుండా జవాన్లు, జేసీఓల (సుబేదారు స్థాయి వాళ్ల) పిల్లలే. మన జిల్లాల దరఖాస్తుల్లో చాలావాటికి దారి ఈ ఆరో వరుసే, అక్కడ మార్కుల శాతమే తేలుస్తుంది. అమ్మాయిల జాబితా, అబ్బాయిల జాబితా వేరువేరు. మన ఇంటర్ బోర్డులో మార్కులు ధారాళంగానే పడతాయి కాబట్టి ఇక్కడి పిల్లలు ఈ పోటీలో వెనకబడి మొదలుపెట్టరు. తండ్రికి సర్వీసు వైకల్యం పెన్షన్ ఉంటే ఆ కాగితం తప్పకుండా బయటికి తీయండి. అది ఉండి కూడా ఆరో వరుసలో పెట్టుకోవడం చేతులారా పోటీ పెంచుకోవడమే.

ఇక పేర్లు. దరఖాస్తులో అన్నిటికన్నా ఎక్కువ ఓపిక పెట్టాల్సింది వీటి దగ్గరే.

పాతికేళ్ల కిందట రిక్రూట్‌మెంట్ ర్యాలీలో తండ్రి చెప్పిన పేరును హిందీ తెలిసిన క్లర్కు తనకు వినబడ్డట్టు రాసుకున్నాడు. సర్వీసు ముగిశాక చేతికిచ్చే డిశ్చార్జి బుక్‌లోకి ‘వెంకట రెడ్డి జి’ అని అదే ఎక్కింది. ఊరి బడిలో పిల్లను చేర్పించినప్పుడు పంతులు ఇంటిపేరు పూర్తిగా విప్పి ‘గంగిరెడ్డిగారి వెంకటరెడ్డి’ అని రాశాడు, టెన్త్ మెమోలోకి అది వచ్చింది. ఆధార్‌లో అక్షరాలు ఇంకో తీరు. ఢిల్లీలో దరఖాస్తు చూసే మనిషికి తెలుగు ఇంటిపేరు ముందుంటుందో వెనకుంటుందో తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. ఆయన ముందు మూడు పేర్లున్నాయి, ముగ్గురు మనుషులుగా కనబడతాయి.

దీన్ని సరిచేసే పద్ధతి ఒకటే. కదలని కాగితాలు రెండు: పిల్ల వైపు టెన్త్ మెమో, తండ్రి వైపు డిశ్చార్జి బుక్. మిగతావన్నీ వాటికి తగ్గట్టు మార్చుకోవాలి. పిల్ల పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో తేడాగా ఉంటే ఆధార్‌నే మెమోలాగా మార్చాలి. మెమోను మార్పించబోతే హెడ్మాస్టర్ నుంచి ప్రభుత్వ పరీక్షల విభాగం దాకా ఫైలు నడవాలి, ఈ ఏడాది గడువుకు అది అందదు. తండ్రి ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా డిశ్చార్జి బుక్‌లో ఉన్నట్టు ఉండాలి. టెన్త్ మెమోలో ఉన్న తండ్రి పేరుకూ డిశ్చార్జి బుక్‌లో ఉన్న పేరుకూ పొంతన లేకపోతే, రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ కావాలి. ఆ అఫిడవిట్ రాయించే ముందే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఏ మాటలతో రాస్తే తీసుకుంటారో అడిగి, వాళ్లు చెప్పినట్టే టైపు చేయించండి. సర్వీసు నంబరు, ర్యాంకు అందులో లేకపోతే రెండోసారి చేయించాల్సి రావచ్చు.

పేరు తేడాకన్నా పెద్దది, పిల్ల పేరు సర్వీసు రికార్డులో అసలే లేకపోవడం. సర్వీసులో ఉండగా బిడ్డ పుడితే యూనిట్‌లో చెప్పాలి, అప్పుడు పార్ట్ టూ ఆర్డర్ అనే యూనిట్ ఉత్తర్వు పడి రికార్డులోకి ఎక్కుతుంది. ఆయన చెప్పకపోయినా, డిశ్చార్జి అయ్యాక బిడ్డ పుట్టినా అక్కడ ఆ పేరు ఉండదు. పుట్టిన తేదీ రికార్డులో ఒకటి, మెమోలో ఒకటి ఉన్నా తంటాయే. అప్పుడు జనన ధ్రువీకరణ పత్రం, టెన్త్ మెమో, ఇద్దరి ఆధార్, పెన్షన్ పేమెంట్ ఆర్డర్, అఫిడవిట్ జతచేసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆయన రికార్డ్ ఆఫీసుకు రాయాలి. ఏ రికార్డ్స్ అన్నది ఆయన రెజిమెంటును బట్టి ఉంటుంది: మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, ఆర్టిలరీకి నాసిక్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, మరమ్మతులు చూసే ఈఎంఈకి, ఆయుధ సామగ్రి చూసే ఆర్డ్‌నెన్స్ కోర్‌కు సికింద్రాబాద్, సరఫరాలు చూసే ఏఎస్‌సీకి, ఇంజినీర్ల దళమైన మద్రాస్ సాపర్స్‌కు బెంగళూరు, మెడికల్ కోర్‌కు లక్నో. ఎయిర్‌ఫోర్స్ రికార్డులు ఢిల్లీ సుబ్రతో పార్కులో, నేవీ సెయిలర్లవి ముంబైలో ఉంటాయి. జవాబు వారంలో వచ్చే పని కాదు. అందుకే డిశ్చార్జి బుక్‌లో కుటుంబ వివరాల పేజీని పిల్ల ఇంటర్ మొదటి ఏడాదిలో ఉన్నప్పుడే తెరిచి చూడాలి. కౌన్సెలింగ్ అయ్యాక తెరిస్తే ఆలస్యమైనట్టే. పెన్షన్ రక్షణ శాఖ వారి ‘స్పర్శ్’ ఆన్‌లైన్ పోర్టల్‌లోకి మారినవాళ్లు అక్కడ కుటుంబ వివరాలు ఎలా ఉన్నాయో కూడా అప్పుడే చూసుకోవాలి.

మాజీ సైనికుడి ఐడీ కార్డు లేకుండా వచ్చి స్కాలర్‌షిప్ అడిగేవాళ్లూ ఉంటారు. ఇంటికొచ్చిన తర్వాత జిల్లా కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోకపోతే ఏ సంక్షేమ పథకమూ కదలదు. 2022లో జిల్లాలు విడిపోయాక నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాల వాళ్లకు ఏ కార్యాలయానికి పోవాలన్న అనుమానం ఉంటుంది. ఐడీ కార్డు ఏ కార్యాలయం ఇచ్చిందో చూసుకుని అక్కడ అడిగి బయల్దేరితే ఒక బస్సు చార్జీ మిగులుతుంది. ఆన్‌లైన్‌లో కూడా అదే కార్యాలయాన్ని ఎంచుకోవాలి. వేరేది నొక్కితే దరఖాస్తు మిమ్మల్ని ఎరగని ఆఫీసు ముందుకు పోయి కూర్చుంటుంది.

అనుబంధ పత్రాలు మూడు. మొదటిది తండ్రి మాజీ సైనికుడేనని, పిల్ల ఆయన మీద ఆధారపడి ఉందని సైనిక సంక్షేమ అధికారి ఇచ్చేది. రెండోది కాలేజీ ఇచ్చే బోనఫైడ్. మూడోది బ్యాంకు ఇచ్చేది. మూడింటి నమూనాలూ బోర్డు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, వాటినే ప్రింటు తీసి నింపించాలి.

కాలేజీలు ఇక్కడ ఒక పొరపాటు చేస్తుంటాయి. బస్సు పాసుకూ బ్యాంకు లోనుకూ ఇచ్చే తమ సొంత బోనఫైడ్‌నే లెటర్‌హెడ్ మీద కొట్టి ఇచ్చేస్తారు. అది చెల్లదు. బోర్డు నమూనాలో కోర్సు పూర్తి పేరు, ఎన్నేళ్లది, చేరిన తేదీ, ఇప్పుడు ఏ ఏడాది, గుర్తింపు ఇచ్చిన సంస్థ అన్నీ రాయాలి. ప్రిన్సిపాల్ సంతకం, పేరున్న రబ్బరు స్టాంపు, కాలేజీ గుండ్రటి ముద్ర ఉండాలి. సంతకం చోట ‘ప్రిన్సిపాల్ బదులుగా’ అని ఇంకొకరు గీస్తే వెనక్కి పంపడానికి కారణం దొరికినట్టే. చేరిన తేదీగా కౌన్సెలింగ్ అలాట్‌మెంట్ తేదీ వేయాలా, కాలేజీలో రిపోర్టు చేసిన తేదీ వేయాలా అంటే రిపోర్టు చేసినదే. ఆన్‌లైన్‌లోనూ అదే తేదీ కొట్టండి.

గ్రేడు పాయింట్లతో మెమో వచ్చేవాళ్లు శాతంగా మార్చిన పత్రం విశ్వవిద్యాలయం నుంచో కాలేజీ నుంచో తీసుకోవాలి. పాయింట్లను పదితో గుణించి తామే శాతం వేసుకుంటే లెక్క తప్పుతుంది. అనంతపురం జేఎన్‌టీయూ సూత్రంలో సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణిస్తారు. 7.0 ఉన్న పిల్లవాడికి 70 కాదు, 65 శాతం. బీటెక్ పూర్తిచేసి ఎంబీఏకు దరఖాస్తు పెట్టేవాళ్లకు ఈ అయిదు శాతమే గుమ్మం దాటనివ్వకపోవచ్చు.

బ్యాంకు ఖాతా పిల్ల పేరు మీద ఉండాలి. తండ్రి పెన్షన్ ఖాతా ఇస్తే కుదరదు. చిన్నప్పుడు మైనరుగా తెరిచిన ఖాతా అయితే 18 నిండగానే కేవైసీ మళ్లీ ఇచ్చి మేజరు ఖాతాగా మార్పించాలి, లేకపోతే లావాదేవీలు ఆగిపోతాయి. రెండేళ్లు ఏ లావాదేవీ లేకపోయినా ఖాతా నిద్రపోతుంది. స్కాలర్‌షిప్ కోసమని తెరిచి వదిలేసిన ఖాతాలకు ఇదే గతి. ఆధార్ లింకు అని బ్యాంకులో చెప్పేది రెండు రకాలు. కేవైసీ కోసం ఆధార్ నంబరు ఎక్కించడం ఒకటి, ప్రభుత్వ డబ్బు నేరుగా ఆ ఖాతాలోకి వచ్చేలా అనుసంధానం చేయడం ఇంకొకటి. రెండోది అయిందో లేదో అడగాలి. తర్వాత ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి అక్కడ కూడా అనుసంధానం చేయిస్తే పాతది తెగి కొత్తదే మిగులుతుంది. కాలేజీలో ఏదో కార్డు ఇస్తామని వచ్చే బ్యాంకువాళ్ల ఫారం మీద సంతకం పెట్టేముందు పిల్లలు ఇది చూసుకోవాలి.

మన మూడు జిల్లాలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది గ్రామీణ బ్యాంకు సంగతి. కడప కేంద్రంగా ఉన్న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి మిగతా మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పల్లెల్లో పిల్లల ఖాతాలు ఎక్కువ ఇందులోనే. పాత పేరున్న పాస్‌బుక్ మొదటి పేజీని స్కాన్ చేసి ఎక్కించకండి. బ్రాంచికి పోయి ఇప్పటి పేరు, ఇప్పటి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌తో పాస్‌బుక్ వేయించుకుని, మూడో అనుబంధ పత్రంలో కూడా అదే కోడ్ రాయించండి. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిన ఆంధ్రా బ్యాంకు, కెనరాలో కలిసిన సిండికేట్ బ్యాంకు పాత పాస్‌బుక్‌లు కూడా ఇంకా కొన్ని ఇళ్లలో బీరువాల్లో ఉన్నాయి.

దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఒరిజినల్ కాగితాలనే స్కాన్ చేయాలి. జెరాక్సును స్కాన్ చేసినా, ఫోనుతో వంకరగా ఫోటో తీసినా ముద్ర కనబడదు, వెనక్కి వస్తుంది. నెట్ సెంటర్‌లో నింపించడం తప్పేం కాదు, కానీ మొబైల్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వాలి. సెంటర్ అతని ఈమెయిల్ ఇస్తే తర్వాత వచ్చే మెసేజ్‌లన్నీ అతని దగ్గరే ఆగుతాయి. దరఖాస్తు పెట్టగానే డాక్ ఐడీ అని ఒక నంబరు వస్తుంది, దాన్ని టెన్త్ మెమోతో పాటు దాచుకోవాలి. ఆ తర్వాత ఒరిజినల్స్ తీసుకుని జిల్లా కార్యాలయానికి పోవాలి. అక్కడ వాళ్లు చూసి ఆన్‌లైన్‌లో ముందుకు పంపితేనే కదులుతుంది. ‘సబ్మిట్ కొట్టేశాం కదా’ అని ఇంట్లో కూర్చుంటే దరఖాస్తు జిల్లా దగ్గరే మిగిలిపోతుంది.

లోపం కనబడితే రాసిపెట్టి వెనక్కి పంపుతారు, సరిచేసి మళ్లీ పెట్టడానికి గడువు ఇస్తారు. ఇది మంచి ఏర్పాటు. ఒక్క ముద్ర సరిగా లేదని దరఖాస్తును చెత్తబుట్టలో వేయరు. కానీ ఆ సంగతి మీకు తెలియాలంటే డాక్ ఐడీ కొట్టి మీరే చూస్తుండాలి. పదిహేను రోజులకొకసారి చూడటం అలవాటు చేసుకోండి. దరఖాస్తుకు ఫీజు లేదు. ‘మీ పేరు జాబితాలో ఉంది, ప్రాసెసింగ్ చార్జీ పంపండి’ అని ఫోన్ వస్తే కట్ చేసేయడమే. ఓటీపీ అడిగినా అంతే.

పథకంలో బలహీనమైన భాగం రెన్యువల్. మొదటి ఏడాది ఎంపికైతే చాలనుకుంటారు, నిజానికి ప్రతి ఏడాదీ మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఆ ఏడాది పేపర్లన్నీ పాసై, 50 శాతం తగ్గకుండా ఉండాలి. జేఎన్‌టీయూ సూత్రం ప్రకారం చూస్తే 5.5 పాయింట్లు. మార్కులు అంత కష్టం కాదు, కష్టమంతా బ్యాక్‌లాగ్‌తోనే. ఫస్టియర్‌లో గణితమో, ఇంజినీరింగ్ డ్రాయింగో ఒక్కటి ఉండిపోయినా ఆ డబ్బు ప్రమాదంలో పడుతుంది. మిగిలిన ఏడు పేపర్లలో 80 వచ్చినా పనికిరాదు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్ల మొదటి సెమిస్టర్‌లో ఒక పేపర్ పోగొట్టుకోవడం పెద్ద నేరమేమీ కాదు. సప్లిమెంటరీలో దాటినవాళ్లకు సగం అయినా ఇచ్చే నిబంధన ఉంటే న్యాయంగా ఉండేది. ఫలితాలు ఆలస్యంగా వచ్చే విశ్వవిద్యాలయాల్లో రెన్యువల్ గడువు ముంచుకొచ్చేసరికి మెమో చేతికి రాదు. అప్పుడు ఆన్‌లైన్ మార్కుల ప్రింటు మీద ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర వేయించుకుని జిల్లా కార్యాలయంలో చూపించి, అది సరిపోతుందో లేదో ముందే అడగాలి.

రాష్ట్ర ప్రభుత్వ ఫీజు సాయం కూడా వస్తున్నవాళ్లు ఆ మాట దరఖాస్తులో దాచకండి. రెండూ తీసుకోవచ్చా అన్నది సైనిక సంక్షేమ అధికారిని అడిగి, ఆయన చెప్పినట్టు చేయండి. తర్వాత బయటపడితే వచ్చిన డబ్బు వెనక్కి కట్టాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు.

బీఏ, బీకాం, బీఎస్సీ చదివే పిల్లలకు ఇదే వెబ్‌సైట్‌లో ఇంకో తలుపు ఉంది: రక్షామంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి కింద ఇచ్చే విద్యా గ్రాంటు. ఇది హవల్దారు ర్యాంకు దాకా ఉన్నవారి పిల్లలకు, ఇంటికి ఇద్దరికి, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఇస్తారు. రెండేళ్ల పీజీ చదివే వితంతువులకు కూడా ఉంది. నెలకు 1,000 ఉండేది, 2025 నవంబర్ 1 నుంచి పెట్టే దరఖాస్తులకు 2,000 చేశారు. అంటే ఒక బిడ్డకు ఏడాదికి 24,000. ఇక్కడ దేశమంతటితో మార్కుల పోటీ లేదు, కింది తరగతి పాసైతే చాలు. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు ఉన్న పేరు దీనికి లేదు గానీ, కర్నూలు సిల్వర్ జూబ్లీ కాలేజీలోనో, అనంతపురం ఆర్ట్స్ కాలేజీలోనో బీఎస్సీ చదివే నాయక్ కూతురికి ఇదే నమ్మకమైన డబ్బు. అసలు ఇంట్లో ఇద్దరు బడి పిల్లలుంటే ఇప్పటినుంచే పెట్టుకోవాల్సింది ఇది. సుబేదారు, నాయబ్ సుబేదారు పిల్లలకు మాత్రం రాదు, ఆ ర్యాంకుల దగ్గర గీత గీశారు.

యుద్ధంలో చనిపోయిన, జాడ తెలియకుండా పోయిన, వికలాంగులైన సైనికుల పిల్లలు ఈ రెండింటికన్నా ముందు రక్షణ శాఖ విద్యా రాయితీ సంగతి చూడాలి. ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఖర్చు లాంటివి అందులో వస్తాయి. 2017లో నెలకు 10,000 అని పెట్టిన పరిమితిని 2018 మార్చిలో తీసేశారు. అది ఉండగా నెలకు 3,000 కోసం పరుగెత్తడం అనవసరం.

సీటు దగ్గర కూడా ఒక లాభం ఉంది, దాన్ని చాలామంది స్కాలర్‌షిప్‌తో కలిపి ఒకటే అనుకుంటారు. ఏపీ ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సైనికుల పిల్లలకు క్యాప్ కేటగిరీ కింద 2 శాతం సీట్లు ఉన్నాయి. వాళ్ల సర్టిఫికెట్ల పరిశీలన మామూలు వాళ్లతో కలిపి కాకుండా నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీన, చెప్పిన కేంద్రంలో విడిగా జరుగుతుంది, ఒరిజినల్ డిశ్చార్జి బుక్, ఐడీ కార్డు తీసుకుపోవాలి. దానికి సైనిక సంక్షేమ అధికారి ఇచ్చే సర్టిఫికెట్ వేరు, స్కాలర్‌షిప్‌కు ఇచ్చే మొదటి అనుబంధ పత్రం వేరు. ఒకదాని బదులు ఇంకొకటి చెల్లదు. సీటు సర్టిఫికెట్ ఎంట్రెన్స్ ఫలితాలు వచ్చిన వారంలో, స్కాలర్‌షిప్ పత్రం కాలేజీలో రిపోర్టు చేసిన వారంలో తీసుకుంటే సరిపోతుంది. రెండుసార్లూ డిశ్చార్జి బుక్, పెన్షన్ ఆర్డర్, ఐడీ కార్డు, పిల్ల టెన్త్ మెమో, ఇద్దరి ఆధార్ ఒరిజినల్స్‌తో పాటు రెండేసి జెరాక్స్ సెట్లు, నాలుగు ఫోటోలు చేతిలో ఉంచుకుని పోండి.